పెన్షన్ మీద పరదేశంలో: పొఖరా, చియాంగ్ మాయ్, పిల్లల ఇల్లు – ఎవరికి ఏది నప్పుతుంది?

రిటైరైన తర్వాత విదేశంలో ఉండటం గురించి మాట వస్తే స్నేహితులు మొదట అడిగేది "అక్కడ ఇంటి అద్దె ఎంత?" అని. నేనూ మొదట్లో అదే అడిగేదాన్ని. ఒక చలికాలం నేపాల్‌లోని పొఖరాలో, ఇంకొకటి థాయిలాండ్‌లోని చియాంగ్ మాయ్‌లో, ఆరు నెలలు అమెరికాలో మా అబ్బాయి దగ్గర గడిపాక ఆ ప్రశ్న వెనక్కి వెళ్లిపోయింది. ఇప్పుడు ముందుగా రెండు సంగతులు చూస్తాను. అక్కడ ఉండనివ్వడానికి మన సొమ్ము ఎంత, ఎన్నాళ్లు కదలకుండా పెట్టమంటారు? ఒంట్లో బాగాలేని రోజు ఆస్పత్రి ఖర్చు ఎవరు భరిస్తారు, మన ఊరు ఎంత త్వరగా చేరగలం? అద్దె, కూరగాయల ధర ఆ తర్వాత.

మా లెక్క ముందే చెబుతాను. మీ లెక్క దీనికి దగ్గరగా ఉంటేనే ఈ సలహా మీకు పనికొస్తుంది. మావారికీ నాకూ అరవై దాటాయి. ఇద్దరి పెన్షన్ కలిపి నెలకు 70 వేలు. రిటైరైనప్పుడు వచ్చిన సొమ్ములో 30 లక్షలు సీనియర్ సిటిజన్స్ సేవింగ్స్ స్కీములో వేశాం. 8.2 శాతం వడ్డీ మీద మూడు నెలలకోసారి 61,500 రూపాయలు, అంటే నెలకు 20,500 వస్తుంది. సొంత ఇల్లుంది. ఆయనకు బీపీ, నాకు మోకాళ్ల నొప్పులు. నెలకు 90 వేలతో మన దగ్గర సుఖంగానే బతకవచ్చు. కానీ ఏప్రిల్ ఎండలు భరించలేకపోతున్నాం, కాళ్లు ఆడుతున్నప్పుడే కొత్త చోట్లు చూడాలన్న కోరిక ఇద్దరికీ ఉంది. అలాంటివాళ్ల కోసమే ఇది రాస్తున్నాను. కోట్లున్నవారికి దారులు వేరే ఉన్నాయి.

పూర్తిగా వెళ్లడమా, సగం వెళ్లడమా?

దేశం ఎంచుకునే ముందే తేల్చుకోవలసింది ఇదే. ఏడాదిలో 182 రోజులు భారతదేశంలో ఉంటే ఆదాయపు పన్ను లెక్కలో మీరు ఇక్కడి నివాసి. బ్యాంకు ఖాతాలు, పొదుపు పథకాలు ఎప్పటిలా సాగిపోతాయి. కాపురం పూర్తిగా అక్కడికి మార్చేస్తే మీరు ఎన్నారై. మామూలు సేవింగ్స్ ఖాతాను ఎన్‌ఆర్‌ఓ ఖాతాగా, అంటే ఎన్నారైలకు ఇక్కడుండే రూపాయి ఖాతాగా మార్చుకోవాలి. దాని మీద వచ్చే వడ్డీలో 30 శాతం, సెస్సు అదనంగా, మూలం దగ్గరే కోస్తారు. రిటర్ను వేస్తే కొంత వెనక్కి రావచ్చు గాని అప్పటిదాకా మన చేతిలో ఉండదు. ఎన్నారైలు సీనియర్ సిటిజన్స్ స్కీములో కొత్తగా ఖాతా తెరవలేరు, కాబట్టి ఐదేళ్ల గడువు తీరాక ఆ 8.2 శాతం దారి మూసుకుపోతుంది. మావంటి వాళ్లకు నెలకు 20 వేలు పోవడమంటే సామాన్యమైన విషయం కాదు.

ఆరోగ్యం సంగతి మరీ ముఖ్యం. 70 ఏళ్లు నిండినవారికి 2024 అక్టోబరు నుంచి ఆయుష్మాన్ వయ వందన కార్డు మీద ఆదాయంతో సంబంధం లేకుండా ఏడాదికి 5 లక్షల వరకు వైద్యం అందుతోంది. రాష్ట్ర ప్రభుత్వ పెన్షనర్లకు ఉద్యోగుల ఆరోగ్య పథకం ఉంది. సరిహద్దు దాటితే ఇవేవీ వెంట రావు. మనం ఏళ్ల తరబడి ప్రీమియం కట్టిన ఆరోగ్య బీమా పాలసీలు కూడా చాలావరకు ఇండియాలో వైద్యానికే వర్తిస్తాయి.

అందుకే తక్కువ బడ్జెట్ ఉన్నవారికి నా గట్టి అభిప్రాయం: ఇల్లు అమ్ముకుని పూర్తిగా వెళ్లవద్దు. ఏటా నాలుగు, ఐదు నెలలు అక్కడ, మిగతాది ఇక్కడ. ఇక ఈ కొలతతో ఒక్కొక్క చోటూ చూద్దాం.

పొఖరా

నేపాల్‌కు మనకు వీసా అక్కర్లేదు. 1950 నాటి భారత్–నేపాల్ ఒప్పందం వల్ల మన పౌరులు అక్కడ ఉండవచ్చు, ఇల్లు అద్దెకు తీసుకోవచ్చు, ఎన్నాళ్లయినా గడపవచ్చు. డిపాజిట్ చూపించమని అడిగేవారు లేరు. సొమ్ము ఎంత కట్టిపెట్టాలన్న నా మొదటి ప్రశ్నకు దొరికిన జవాబుల్లో ఇంత మంచిది ఇంకొకటి లేదు. మన సొమ్ము మన దగ్గరే ఉండి వడ్డీ తెస్తూ ఉంటుంది. భూమి, ఇల్లు కొనడం మాత్రం విదేశీయులకు కుదరదు. స్థానికుల పేరు మీద కొని పెడతామని ఎవరైనా అంటే నమ్మి డబ్బు ఇవ్వవద్దు.

రెండో మేలు మారకం రేటు. 1993 నుంచి మన వంద రూపాయలకు 160 నేపాలీ రూపాయలు అన్న రేటు కదలలేదు. పెన్షన్ రూపాయల్లో వచ్చేవారికి ఇది చాలా పెద్ద ఊరట. డాలరు పెరిగిందో, థాయిలాండ్ బాటు పెరిగిందో అని పొద్దున్నే ఫోను చూసుకునే పని ఉండదు. 2024 నుంచి చాలా దుకాణాల్లో మన యూపీఐతోనే చెల్లించవచ్చు. నగదు పట్టుకెళ్తే వంద, అంతకంటే చిన్న నోట్లు మేలు. పెద్ద నోట్ల విషయంలో నియమాలు మారుతూ ఉంటాయి.

వెళ్లే దారి: విజయవాడ, వరంగల్ మీదుగా గోరఖ్‌పూర్‌కు రాప్తీసాగర్ ఎక్స్‌ప్రెస్ ఉంది. అక్కడి నుంచి సునౌలీ సరిహద్దు, ఆ తర్వాత కొండదారి. నా మోకాళ్లతో ఆ కొండదారి ఒకసారికి చాలనిపించింది. రెండోసారి అయితే ఢిల్లీ నుంచి కాఠ్‌మండూకు విమానంలోనే వెళ్తాను. విమానానికి పాస్‌పోర్టు గాని ఓటరు కార్డు గాని చాలు. 65 దాటినవారికి ఆధార్ కూడా చెల్లుతుంది. అయినా పాస్‌పోర్టు ఉంటే వెంట ఉంచుకోండి, ఇతర పనుల్లో అక్కరకొస్తుంది.

పొఖరా ఎనిమిది వందల మీటర్లకు కాస్త పైన ఉంటుంది, కాబట్టి ఊపిరి అందని సమస్య లేదు. అక్టోబరు నుంచి జనవరి దాకా మేం అక్కడున్నాం. పగలు మన డిసెంబరు పొద్దులా ఉండేది, రాత్రికి మందపాటి రజాయి కావలసివచ్చేది. వానాకాలంలో మాత్రం వెళ్లవద్దు. నేపాల్‌లో బాగా వానలు పడే ప్రాంతాల్లో అదొకటి. కొండచరియలు విరిగిపడి దారులు మూతపడతాయి.

చెరువు ఒడ్డున, పర్యాటకులు దిగే బైదాం వైపు ఇళ్లు చూడకండి. మేం చిప్లేఢుంగా బజారుకు నడిచి వెళ్లేంత దూరంలో రెండు గదుల వాటా తీసుకున్నాం. పొద్దున తొమ్మిదింటికి బజారులో కూరలమ్మే ఆవిడ "ఆమా" అని పిలిచేది. ఆమా అంటే అమ్మే. ఆకుకూర కట్టను వాళ్లు ముఠా అంటారు. మొదటి రోజు నాకు అర్థం కాక నిలబడిపోతే, ఆవిడ ఆవాల ఆకుల కట్టొకటి నా చేతిలో పెట్టి, వేలు ఎత్తి "ఏక్ ముఠా" అని నేర్పింది. ఆ ఆకును మన పాలకూరలా పప్పులో వేస్తే కాస్త ఘాటుగా, బాగుంటుంది. హిందీ వచ్చినవారికి రోజువారీ పనుల్లో ఏ ఇబ్బందీ ఉండదు. అన్నం, పప్పు, కూర వాళ్ల రోజువారీ భోజనం కూడా. చింతపండు, కరివేపాకు, మన కారం మాత్రం ఇంటి నుంచే తీసుకెళ్లండి.

ఇప్పుడు లోపాలు. మాకు దొరికిన వాటా రెండో అంతస్తులో. మెట్లు ఎత్తుగా ఉంటాయి, లిఫ్టు ఉన్న ఇళ్లు తక్కువ. నెల రోజులకే నేను రోజుకు ఒక్కసారి మాత్రమే దిగాలని నియమం పెట్టుకోవలసి వచ్చింది. కింది అంతస్తు దొరికేదాకా అడ్వాన్సు ఇవ్వవద్దు. వైద్యానికి ఊళ్లో మణిపాల్ టీచింగ్ హాస్పిటల్ వంటివి ఉన్నాయి గాని, గుండెపోటు, పక్షవాతం వంటి పెద్ద కష్టానికి కాఠ్‌మండూ గాని ఢిల్లీ గాని వెళ్లవలసిందే. స్టెంట్ వేయించుకున్నవారు, డయాలసిస్ మీద ఉన్నవారు ఈ ఊరిని ఎంచుకోవద్దు. 2015 ఏప్రిల్‌లో వచ్చిన భూకంపాన్ని గుర్తుంచుకుని, ఇల్లు చూసేటప్పుడు పగుళ్లు, స్తంభాలు కూడా చూడండి.

చియాంగ్ మాయ్

థాయిలాండ్ గురించి అందరూ చెప్పే మాట "అక్కడ అన్నీ చవక" అని. భోజనం, గది, రవాణా నిజంగానే అందుబాటులో ఉంటాయి. అసలు ఖర్చు వీసాలో ఉంది, అది పైకి కనిపించదు.

50 ఏళ్లు నిండినవారికి వాళ్ల రిటైర్మెంట్ వీసా ఉంది. దానికి 8 లక్షల బాట్ల బ్యాంకు నిల్వ గాని, నెలకు 65 వేల బాట్ల ఆదాయం గాని చూపించాలి. బాటు ఈ మధ్య రెండున్నర, మూడు రూపాయల మధ్య తిరుగుతోంది. అంటే ఆదాయం దారిలో నెలకు లక్షా అరవై వేలకు పైనే కావాలి. మావంటి పెన్షన్లకు అది అందదు. ఇక మిగిలింది డిపాజిట్ దారి. అక్కడే ఉండి ఏటా పొడిగించుకోవాలంటే ఆ 8 లక్షల బాట్లు అక్కడి బ్యాంకులో రెండు నెలల ముందు నుంచి ఉండాలి. పొడిగింపు వచ్చాక మూడు నెలలు ముట్టుకోకూడదు. మిగతా కాలంలో 4 లక్షల బాట్లకు తగ్గకూడదు. అంటే ఆ సొమ్ము పేరుకే మనది.

8 లక్షల బాట్లంటే సుమారు 22 లక్షల రూపాయలు అనుకుందాం. మా 30 లక్షల నుంచి ఆ మొత్తం తీసి అక్కడ పెడితే ఏడాదికి లక్షా ఎనభై వేల వడ్డీ వదులుకున్నట్టు. నెలకు 15 వేలు. అక్కడి బ్యాంకులు ఇచ్చే వడ్డీ దాంట్లో చిన్న ముక్క. కాబట్టి థాయిలాండ్‌లో గది అద్దె ఎంతని ఎవరు చెప్పినా, దానికి ఈ 15 వేలు కలిపి చూడండి. స్కీము నుంచి గడువుకు ముందే తీస్తే కోత కూడా ఉంటుంది.

డబ్బు పంపేటప్పుడు ఇంకొక చిక్కు. ఒక ఆర్థిక సంవత్సరంలో 10 లక్షలు దాటి విదేశాలకు పంపితే, దాటిన మొత్తం మీద 20 శాతం టీసీఎస్ (ముందుగానే పట్టుకునే పన్ను) బ్యాంకు వసూలు చేస్తుంది. అది పన్నులో సర్దుబాటు అవుతుంది, మిగిలితే వెనక్కి వస్తుంది, కానీ నెలల తరబడి చేతిలో లేనట్టే. తప్పనిసరిగా పంపాలనుకుంటే కొంత మార్చిలో, కొంత ఏప్రిల్‌లో పంపండి. రెండు ఆర్థిక సంవత్సరాల్లోకి సర్దుకుంటుంది.

ఇండియా నుంచే రిటైర్మెంట్ వీసా తీసుకుంటే 30 లక్షల బాట్ల ఆరోగ్య బీమా కూడా చూపించాలి. అరవైల్లో దొరుకుతుంది గాని ప్రీమియం బరువు. డెబ్బై దాటాక కొత్త పాలసీ ఇచ్చేవారు తగ్గిపోతారు. వీసా వచ్చాక కూడా ప్రతి 90 రోజులకు చిరునామా తెలియజేయాలి. ఇంటికి వచ్చి వెళ్లాలంటే ముందే రీ-ఎంట్రీ పర్మిట్ తీసుకోవాలి, మరిచిపోతే పొడిగింపు రద్దవుతుంది. 2024 నుంచి, ఏడాదిలో 180 రోజులు ఉన్నవారు అక్కడికి తెచ్చుకున్న విదేశీ ఆదాయాన్ని కూడా పన్ను లెక్కలోకి తీసుకుంటున్నారు. మనకూ వాళ్లకూ ద్వంద్వ పన్ను ఒప్పందం ఉంది, అయినా వెళ్లే ముందు ఒక సీఏను కలవండి.

మారకం రేటూ చూడాలి. పదేళ్ల కిందట బాటు రెండు రూపాయలకు అటూ ఇటూ ఉండేది. ఇప్పుడు అదే గదికి, అదే భోజనానికి రూపాయల్లో పావు వంతు నుంచి సగం దాకా ఎక్కువ పెట్టాలి.

ఇవన్నీ చూసి మేం రిటైర్మెంట్ వీసా జోలికి పోలేదు. వీసా లేకుండా అప్పట్లో ఇచ్చిన రెండు నెలలు ఉండి, ఇమిగ్రేషన్ కార్యాలయంలో 1,900 బాట్లు కట్టి ఇంకో నెల పొడిగించుకున్నాం. వీసా లేని రోజుల లెక్క మారుతూ ఉంటుంది గనక టికెట్ కొనేముందు రాయబార కార్యాలయం సమాచారం చూసుకోండి.

ఊరు మాత్రం చాలా నచ్చింది. చదునైన వీధులు, లిఫ్టున్న భవనాలు, శుభ్రమైన బజార్లు నా మోకాళ్లకు విశ్రాంతినిచ్చాయి. బజారులో మన తూటికూర కట్టలు కట్టలుగా కనిపించి ఆశ్చర్యపోయాను. మన దగ్గర చెరువు గట్టున పెరిగే తూటికూరను వాళ్లు వెల్లుల్లి వేసి చిటికెలో వేయించి ఇస్తారు. శాకాహారులు మాత్రం జాగ్రత్తగా ఉండాలి, చేపల సాసు కూరల్లో కూడా వేస్తారు. "జే" అని అడిగితే మాంసం, చేప, గుడ్డు, చివరికి ఉల్లి, వెల్లుల్లి కూడా లేకుండా చేస్తారు. పసుపు రంగు జెండా మీద ఎర్ర అక్షరాలు కనిపిస్తే అది అలాంటి భోజనశాల.

ఇక పొగ సంగతి. ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా చుట్టుపక్కల పొలాలు, అడవులు కాలుతాయి. మా బాల్కనీ నుంచి దోయ్ సుతేప్ కొండ, దాని మీది ఆలయం స్పష్టంగా కనిపించేవి. ఫిబ్రవరి చివరికి ఒక పొద్దున లేచి చూస్తే కొండ లేదు. తెల్లని పొగ తప్ప ఏమీ లేదు. మావారికి దగ్గు మొదలై రాత్రిళ్లు నిద్ర పట్టలేదు. డాక్టరు మందులిచ్చి, "వీలైతే ఊరు మారండి" అన్నారు. మూడో నెల ముగియకుండానే తిరిగి వచ్చేశాం. ఉబ్బసం, ఊపిరితిత్తుల జబ్బు ఉన్నవారు అక్కడికి నవంబరులో వెళ్లి జనవరి చివరికి తిరిగి రావాలి. ఆ నెలలు మాత్రం చాలా బాగుంటాయి.

మలేషియా, శ్రీలంక, మారిషస్, పోర్చుగల్

మలేషియా పేరు చాలామంది చెబుతారు. పెరాక్ రాష్ట్రంలోని బగాన్ దాతో వంటి చోట్ల తరాలుగా తెలుగువారున్నారు, తెలుగు సంఘం 1955 నుంచి ఉంది. కానీ 2024లో మార్చిన 'మై సెకండ్ హోమ్' వీసా నియమాల ప్రకారం మామూలు మెట్లలో కింది దానికే లక్షా యాభై వేల డాలర్ల డిపాజిట్ పెట్టాలి, పైగా 6 లక్షల రింగిట్ల ఇల్లు కొనాలి. అది మన బడ్జెట్ కాదు. నెల రోజులు చూసి రావడానికి వెళ్లండి.

శ్రీలంకలో 55 దాటినవారికి రెండేళ్ల వీసా ఉంది. 15 వేల డాలర్ల డిపాజిట్ మోయగలిగినదే గాని, నెలనెలా 1,500 డాలర్లు, భార్య లేదా భర్తకు ఇంకో 750 డాలర్లు బయటి నుంచి తెప్పించుకోవాలి. దంపతులకు రెండు లక్షల రూపాయలకు దగ్గర పడుతుంది. మారిషస్‌లోనూ నెలనెలా డాలర్లు పంపే షరతే. ఉగాదికి ప్రభుత్వ సెలవు ఇచ్చే దేశం అది, కోరంగి రేవు నుంచి వెళ్లిన మనవాళ్ల వారసులున్న నేల. మనసు లాగుతుంది, లెక్క కుదరదు. పోర్చుగల్‌లో పెన్షన్ వంటి ఆదాయం ఉన్నవారికిచ్చే డీ7 వీసాకు 2025లో ఒకరికి నెలకు 870 యూరోలు, జీవిత భాగస్వామికి అందులో సగం చూపించాల్సి వచ్చేది. ఇద్దరికీ కలిపి లక్షా పాతిక వేలకు పైనే, అదీ అద్దె ఒప్పందం, చలికాలపు ఖర్చులు లెక్కలోకి రాకముందు.

పిల్లల దగ్గర

మన తెలుగువాళ్లలో ఎక్కువమందికి విదేశంలో రిటైర్మెంట్ అంటే ఇదే. అద్దె ఉండదు, మనవలుంటారు. అమెరికా సందర్శక వీసా మీద సాధారణంగా ఒకసారికి ఆరు నెలలు ఉండనిస్తారు. మా అబ్బాయి, కోడలు మమ్మల్ని కంటికి రెప్పలా చూసుకున్నారు. అయినా కారు నడపలేని మాకు పగలు పది గంటలు నాలుగు గోడల మధ్యే గడిచేవి. ఇది వాళ్ల తప్పు కాదు, ఆ ఊళ్ల తీరే అంత.

అసలు భయం వైద్యం. సందర్శకుల బీమా పాలసీలు చాలావరకు ముందు నుంచి ఉన్న జబ్బులకు పూర్తిగా వర్తించవు. బీపీ ఉన్న మనిషికి గుండెపోటు వస్తే బిల్లు పిల్లల నెత్తిన పడుతుంది. పిల్లలు అమెరికా పౌరులైతే తల్లిదండ్రులకు గ్రీన్ కార్డు పెద్దగా ఆలస్యం లేకుండా వస్తుంది. కానీ 65 నిండి, ఐదేళ్లు అక్కడ నివసిస్తే గాని పెద్దవాళ్లకు అక్కడి ప్రభుత్వం నడిపే ఆరోగ్య బీమా మెడికేర్‌లో చేరలేరు. చేరినా, అక్కడ పనిచేసి పన్ను కట్టనివారు ప్రీమియం చెల్లించాలి. ఆరు నెలలు మించి ఇండియాలో ఉంటే నివాసం తెగిందా అన్న ప్రశ్న కూడా వస్తుంది. సగం అక్కడ, సగం ఇక్కడ అనుకునేవారికి గ్రీన్ కార్డు సరిపడదు. నేను తీసుకోలేదు.

కెనడాలో పిల్లలున్నవారికి సూపర్ వీసా మెరుగు. ఒకసారి వెళ్తే ఐదేళ్ల దాకా ఉండవచ్చు. కనీసం లక్ష కెనడా డాలర్ల వైద్య బీమా తప్పనిసరి, ఆ ప్రీమియం ఎవరు కడతారో బయలుదేరకముందే పిల్లలతో నోరు విప్పి మాట్లాడండి.

ఎవరికి ఏది?

ఇద్దరి ఆదాయం లక్షలోపు, హిందీ వచ్చు, గుండె, కిడ్నీ సమస్యలు లేవు అంటే పొఖరా, అక్టోబరు నుంచి జనవరి దాకా. డిపాజిట్‌కు పాతిక లక్షలు పక్కన పెట్టినా నెల గడిచేవారికి, మెట్లు ఎక్కలేనివారికి, మంచి ప్రైవేటు ఆస్పత్రి దగ్గర ఉండాలనుకునేవారికి చియాంగ్ మాయ్. డిపాజిట్ లేనివారు అక్కడ రెండు, మూడు నెలలకే పరిమితం కండి. మనవలను పెంచే వయసులో ఉన్నవారు పిల్లల దగ్గరకు వెళ్లండి, కానీ తిరిగి రావడానికి మీ ఇల్లు అట్టే పెట్టుకోండి. ఒంటరిగా ఉన్నవారికి నా మాట: మొదటి ఏడాది ఒక నెల మాత్రమే వెళ్లండి, అదీ తెలిసినవారు ఉన్న ఊరికి.

పలకడానికి ఇష్టం లేకపోయినా ఒక సంగతి చెప్పాలి. అక్కడే ఎవరికైనా ఏదైనా జరిగితే, నేపాల్ నుంచి రోడ్డు దారిన తీసుకురావచ్చు. థాయిలాండ్ నుంచి అయితే రాయబార కార్యాలయం పత్రాలు, విమాన ఏర్పాట్లు, పెద్ద ఖర్చు. మేమిద్దరం కూర్చుని మాట్లాడుకుని, ఎక్కడ జరిగితే అక్కడే దహనం చేయాలని కాగితం మీద రాసి అబ్బాయికి ఒక ప్రతి ఇచ్చాం.

బయలుదేరే ముందు ఇంకో రెండు పనులు. కేంద్ర పెన్షనర్లు లైఫ్ సర్టిఫికెట్ ఇవ్వాల్సింది నవంబరులో, సరిగ్గా మీరు పొఖరాలో ఉండే రోజుల్లో. దూరం నుంచి ఎలా ఇవ్వాలో మీ పెన్షన్ కార్యాలయంలో ముందే అడిగి పెట్టుకోండి. రాష్ట్ర పెన్షనర్లూ తమ గడువు చూసుకోవాలి. రెండోది ఫోను. బ్యాంకు ఓటీపీ మన ఇక్కడి నంబరుకే వస్తుంది. పొఖరాలో మొదటి వారం రోమింగ్ లేక మావారి సిమ్ మూగబోయింది. చేతిలో డబ్బున్నా కరెంటు బిల్లు కట్టలేక, ఊళ్లో ఉన్న మా మరిదిని పట్టుకుని పని జరిపించుకున్నాం. ఈసారి అక్టోబరు ప్రయాణానికి ఆ సిమ్‌కు రోమింగ్ వేయించడం, కింది అంతస్తు వాటా కోసం పాత ఇంటావిడకు ఫోను చేయడం అయిపోయాయి. చింతపండు ఎండబెట్టడమే మిగిలింది.